పిల్లోడికి ఏ పేరు పెట్టాలి?

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు దారిలోని ఊళ్లే. హిందూపురం నుంచి అనంతపురం ఎంత దూరమో బెంగళూరూ ఇంచుమించు అంతే, వంద కిలోమీటర్ల పైచిలుకు. నాలుగేళ్లొచ్చినా మాటలు రాని పిల్లోణ్ణి ఎత్తుకుని బయల్దేరే తల్లికి ఆ పెద్ద ఊరే గుర్తొస్తుంది. వెంటనే ఇంకో భయం కూడా. "నిమ్‌హాన్స్‌కి తీసుకుపోయినారంట" అనే మాట వీధిలోకి వస్తే, విన్నవాళ్లు దాన్ని "పిచ్చాసుపత్రి" అనే అనువదించుకుంటారు.

ఆ అనువాదం జనం అజ్ఞానం అని కొట్టిపారేయలేం. నిమ్‌హాన్స్ 1974లో ఏర్పడింది పాత మైసూరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయాన్నీ, 1954లో పెట్టిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనీ కలిపే. పైగా పిచ్చినీ బుద్ధి ఎదగకపోవడాన్నీ ఒకే గాట కట్టింది ముందు చట్టమే. 1912 నాటి లూనసీ చట్టం ఇచ్చిన నిర్వచనంలో "లూనటిక్" అంటే మతి తప్పినవాడే కాదు, పుట్టుకతో బుద్ధి ఎదగనివాడు కూడా. మన వీధుల్లో "ఎర్రిబాగులోడు" అనే మాటలో కనీసం కాస్త జాలి ఉంది. చట్టం మాటలో అదీ లేదు.

1987 చట్టం ఈ రెంటినీ విడదీసింది. బుద్ధిమాంద్యం మానసిక వ్యాధి కాదంది. మంచిదే. మరి ఆ పిల్లోడు ఏ చట్టం కిందికి వస్తాడు? దానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో బుద్ధిమాంద్యం ఉంది, ఆటిజం లేదు. లెక్కలన్నీ నోటితో చెప్పేసి, పలక మీద అక్షరం రాయలేక ఏడ్చే పిల్ల అసలే లేదు. ఆ పిల్లకి బడిలో "మొద్దు" అనే పేరే ఖాయం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి ఆటిజం వచ్చింది. 2016 చట్టం జాబితాను 21కి పెంచింది. చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లలు అప్పటికి గానీ కాగితం మీదికి ఎక్కలేదు.

పేరు దొరికింది సరే, కొలిచేదెలా? మన దేశంలో ఎక్కువగా వాడే బుద్ధి పరీక్షల్లో బినే–కామత్ ఒకటి. 1905లో పారిస్‌లో పుట్టిన బినే పరీక్షను వి.వి. కామత్ 1930ల్లో కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, అంగడిలో కన్నడం వినే హిందూపురం పిల్లోడు ఆ కొలతబద్ద ముందు కూర్చుంటే వచ్చే అంకెను ఎంతవరకు నమ్మాలి? నాకైతే అనుమానమే. కానీ ఆ అంకె మీదే కాగితం, కాగితం మీద శాతం. 40 శాతం దాటితేనే చాలా సదుపాయాలు.

ఇంకో మెలిక 2018 మార్గదర్శకాల్లో ఉండేది. వాటి ప్రకారం చదువులో ప్రత్యేక ఇబ్బందికి సర్టిఫికెట్ పరీక్ష ఎనిమిదేళ్లకు, మళ్లీ 14కి, 18కి ఉండేది. ఐదేళ్ల పిల్ల తల్లి ఈలోపు ఏం చెయ్యాలి?

ఖాళీగా ఏమీ లేదు. అనంతపురంలో 1969లో మొదలైన ఆర్.డి.టి. జిల్లాలో ప్రత్యేక పాఠశాలలు నడిపింది. సర్వశిక్షా అభియాన్ కింద మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్లు చూసే నాలుగు సంగతుల్లో ఒకటి ఎదుగుదలలో ఆలస్యం. దీనికి శాతం అక్కర్లేదు, ఎనిమిదేళ్లు నిండనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే ధర్మవరంలో మగ్గం ఇంటి అవ్వ చెప్పేదీ ఆ మాటే: "వాళ్ల నాయనకీ మాటలు ఆలస్యమేలే." అవ్వ ఆ మాట అనేది ఇంకొన్నాళ్లు చూద్దామని. బృందం అదే మాట రాసేది వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని. పోవాలంటే ఆరోజు తల్లి ఆసు పోయదు, తండ్రి మగ్గం ఆగుతుంది. చీర దిగితే గానీ కూలి రాని ఇంట్లో అవ్వ మాట వైపే మొగ్గడం తేలిక.