వడ్రంగం మాటలు, పలుకుబడి, రాత: ఉద్దానం ప్రాంత పరిశీలన

వడ్రంగం మాటలు పుస్తకంలో చదివి నేర్చుకునేవి కావు. పని దగ్గర చెవిన పడి నోటికి వచ్చేవి. అందుకే కాగితం మీదకు ఎక్కగానే అవి తప్పుల్లా కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లాలోని వజ్రపుకొత్తూరు, పలాస, టెక్కలి వైపు పలుకుబడిని ఆధారం చేసుకుని, వీటిలో ఏది మాండలికం, ఏది అరువు మాటకు వచ్చిన మార్పు, ఏది నిజంగా రాత దోషం అన్నది తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

నోటి మాటనే ఆధారంగా తీసుకునే ఈ చూపుకు పునాది ఈ జిల్లాలోనే ఉంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, సవర మాటలను సవరల నోటి నుంచే సేకరించారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటంలో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా చూపారు. నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలు ఆయన విభజనలో పూర్వ (తూర్పు) మండలం.

1. మాండలిక ఉచ్చారణ

ఈ ప్రాంతంలో మాట మొదటి చకారం చాలామంది నోట సకారమవుతుంది. 'చెప్పు' 'సెప్పు' అయినట్టే చెక్క 'సెక్క', చిత్రిక 'సిత్రిక', చీల 'సీల' అవుతాయి. వకారానికి రెండు దారులున్నాయి. ఉకారం ముందు లేని వకారం చేరి ఉలి 'వులి' అవుతుంది. ఎకారం ముందు ఉన్న వకారం పోయి వెదురు 'ఎదురు' అవుతుంది. ళకారం లకారంలో కలిసి గొళ్లెం 'గొల్లెం'గా వినిపిస్తుంది. ద్వారబంధంలో రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి: సంయుక్తాక్షరం తేలికపడుతుంది, మహాప్రాణం అల్పప్రాణమవుతుంది. ఫలితం 'దారబందం'. ఒక్కో మార్పూ ఒక్క మాటకే పరిమితం కాదు. అదే స్థితిలో ఉన్న ఇతర మాటల్లోనూ కనిపిస్తుంది. నియమం ఉన్న చోట అజ్ఞానం అనే మాట చెల్లదు.

2. అరువు మాటలు

తెలుగు నోరు హల్లుతో ముగిసే మాటకు అచ్చు చేరుస్తుంది: బోల్టు, నట్టు, డ్రిల్లు. మాట మొదట్లోని 'స్క్'కు ముందు ఇకారం చేరుతుంది. 'ఇస్కూలు' ఎలా పుట్టిందో 'ఇస్క్రూ' అలాగే పుట్టింది. ఫెవికాల్ 'పెవికాలు' కావడానికి కారణం, ఆ తొలి ధ్వని తెలుగుకు సొంతం కాకపోవడమే. 'ఫ' అని రాసినా అది పకారానికి ఒత్తు రూపమే.

బరమాది మరో కథ. చెక్కకు బెజ్జం వేసే ఈ పనిముట్టు పేరు ఫారసీ నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చింది. దాన్ని 'బర్మా' అని రాస్తే దేశం పాత పేరుతో కలిసిపోతుంది. రంగూన్ వలసలూ బర్మా టేకూ ఎరిగిన ఈ తీరంలో, పనిముట్టు కూడా అక్కడి నుంచే వచ్చిందనిపించడం సహజం. రెంటికీ సంబంధం లేదు. ఇక్కడ 'బరమా' రూపమే స్పష్టత ఇస్తుంది.

3. అసలు దోషం

నోట ఒత్తు పోతుందని తెలిసిన చదువరి, రాసేటప్పుడు అక్కర్లేని చోట కూడా ఒత్తు చేరుస్తాడు. దూలాన్ని 'ధూలం' చేయడం ఇలాంటిదే. దూలం అచ్చతెలుగు మాట. అచ్చతెలుగులో మహాప్రాణాలకు చోటు లేదు. 'దారబందం'లో తగ్గిన ఒత్తుకు పలుకుబడి సాక్ష్యముంది. 'ధూలం'లో పెరిగిన ఒత్తుకు ఏ సాక్ష్యమూ లేదు. అంటే దిద్దాల్సింది వడ్రంగి నోటిని కాదు, అతిగా దిద్దబోయే కలాన్ని.

అన్ని తేడాలకూ ఒకే విలువ ఇవ్వాలని కాదు. 'ఎదురు' అని రాస్తే సామాను చీటీలో అర్థం చెడుతుంది. అక్కడ 'వెదురు' రాయాల్సిందే. 'వడ్లంగి', 'వడ్రంగి' రెండూ నిఘంటువులకెక్కిన రూపాలు. వాటి మధ్య తగువు అనవసరం.

ముగింపు

నిఘంటువులో ప్రామాణిక రూపం పక్కనే ప్రాంతీయ రూపాన్నీ, అది వినిపించే చోటునూ చేర్చాలి. ఉద్దానంలో ఇళ్ల పని చేసేవారి మాటలనూ, తీరంలో పడవలు కట్టేవారి మాటలనూ ధ్వనిముద్రణతో సహా సేకరించే పనిని జిల్లాలోని విశ్వవిద్యాలయం, కళాశాలల తెలుగు శాఖలు చేపట్టాలి. యంత్రాలతో పాటు కొత్త పేర్లు వస్తున్న ఈ కాలంలో ఆ పని వాయిదా వేయదగింది కాదు.