బ్రాడ్‌హెడ్, మెకానికల్ (ఎగిరే బాణంలో అలుగుల బిగింపు)

అమెరికాలో విల్లువేటకు వాడే వెడల్పాటి ములికిని బ్రాడ్‌హెడ్ అంటారు. ఎగిరేటప్పుడు అలుగులు ములికిలోకి ముడుచుకుని ఉండి, జంతువును తాకగానే విచ్చుకునే రకం మెకానికల్ బ్రాడ్‌హెడ్. నారి వదిలినప్పటి నుంచి తాకేదాకా అలుగులను కదలనీయకుండా పట్టి ఉంచాలి, తాకిన మరుక్షణం వదిలేయాలి. ఈ రెండు పనులూ ఒకే బిగింపు చేయాలి. బిగింపు వదులైతే బాణం దారి తప్పుతుంది. మరీ గట్టిదైతే అలుగులు సరిగా విచ్చుకోక జంతువు గాయంతో పారిపోతుంది.

పూర్వరంగం. మన కావ్యాల్లోని అర్ధచంద్ర బాణం, క్షురప్రం, భల్లం అన్నీ కదలని అలుగులవే. తిరిగే మొన సముద్రపు వేటలో పుట్టింది. ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్ ప్రజలు ఒంట్లో దిగాక అడ్డం తిరిగే ఎముక, దంతపు ఈటె మొనలను తరతరాలుగా చేసుకున్నారు.

ఇనుములో ఆ పనిని గొప్పగా సాధించినవాడు లూయిస్ టెంపుల్. ఈ నల్లజాతి కమ్మరి 1800లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో పుట్టి, తిమింగలాల వేటకు పేరుపడ్డ మసాచుసెట్స్ రేవు న్యూ బెడ్‌ఫర్డ్‌లో కొలిమి పెట్టుకున్నాడు. అప్పటి ఈటెలకు కదలని ముళ్లుండేవి. తిమింగలం గుంజుకుంటే అవి కొవ్వును కోసుకుంటూ బయటికి వచ్చేసేవి. 1848లో టెంపుల్ మొనను ఇరుసు మీద తిరిగేలా చేశాడు. అది ముందే తిరిగిపోకుండా చిన్న కొయ్య చీల దోపాడు. ఈటె దిగేదాకా మొన తిన్నగా నిలిచేది, తాడు బిగియగానే చీల విరిగి మొన ఒంట్లో అడ్డం తిరిగేది. ఖర్చంతా ఒక కొయ్యపుల్ల. ఎంత బలానికి విరగాలో అంత బలానికే విరిగే ఆ పుల్ల, తర్వాత వచ్చిన బిగింపులన్నిటికీ కొలమానం అనదగ్గ ముచ్చటైన ఉపాయం. టెంపుల్ పేటెంటు తీసుకోలేదు. ఊళ్లోని తక్కిన కమ్మరులు ఆ నమూనానే చేసి అమ్ముకున్నారు. 1853లో కిందపడి దెబ్బతిన్న ఆయన మరుసటి ఏడాది చనిపోయాడు. ఆ పట్టణంలో ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది.

ఆ తర్వాతి వందేళ్లలో అమెరికా విల్లువేట విలుకాడు శాక్స్‌టన్ పోప్ 1923 నాటి పుస్తకం వల్లా, ఫ్రెడ్ బేర్ విల్లుల కర్మాగారం వల్లా మళ్లీ జనంలోకి వచ్చింది గానీ, వాడుకలో ఉన్నవి ప్రధానంగా కదలని అలుగులే.

కాంపౌండ్ విల్లు రాక. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ ఆలెన్ 1966లో దరఖాస్తు చేసిన కప్పీల విల్లుకు 1969 డిసెంబరులో పేటెంటు దక్కింది. దాంతో బాణం వేగం పెరిగింది, వెడల్పాటి ములికితో చిక్కూ పెరిగింది. కదలని అలుగులు బాణం ముందు భాగాన రెక్కల్లా గాలిని పట్టి, వెనకున్న ఈకల పనికి అడ్డుపడతాయి. విల్లు సర్దుబాటులో కాస్త తేడా ఉన్నా బాణం పక్కకు జరుగుతుంది. అలుగులను ముడిచేస్తే ములికి గురి సాధనకు వాడే మొనలాగే ఎగురుతుందన్న ఆశ మెకానికల్ రకానికి బలమిచ్చింది.

అలుగును తెరవజూసే మొదటి శక్తి గాలి కాదు, విల్లే. అర మీటరు దూరంలో బాణం సెకనుకు 90 మీటర్ల వేగం అందుకుంటే సగటు త్వరణం గురుత్వాకర్షణకు 800 రెట్లు దాటుతుంది. అంటే ఒక గ్రాము అలుగు ఆ క్షణంలో 800 గ్రాముల బరువుతో వెనక్కి గుంజుతుంది. గాలి ఒత్తిడి, బాణం గిరగిరా తిరగడం ఆ తర్వాతి లెక్కలు. ఒక్క అలుగే విచ్చుకున్నా ములికి ఒక పక్కకు లాగుతుంది.

బిగింపు రకాలు. మొదట వ్యాపించినవి రబ్బరు బ్యాండు, ఓ-రింగు. చవక, మార్చుకోవడం తేలిక. కానీ చలికి రబ్బరు బిరుసెక్కుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది, ఒక దెబ్బకే తెగుతుంది. జింకల వేట చలికాలంలో సాగే చోట ఇది చిన్న లోపం కాదు. పళ్లకు క్లిప్పులు వేసినప్పుడు దంతవైద్యులు ఇచ్చే బుల్లి రబ్బరు బ్యాండ్లను వేటగాళ్లు బదులుగా వాడుకున్నారు. న్యూ ఆర్చరీ ప్రొడక్ట్స్ వారి స్పిట్‌ఫైర్ రబ్బరును వదిలేసి, ములికి లోపలే లోహపు క్లిప్పు పెట్టింది. మళ్లీ మళ్లీ ఒకే బలంతో పట్టడం దాని మేలు. 2000ల దశకంలో పేరు తెచ్చుకున్న రేజ్ ములికిలో అలుగులు ముందు నుంచి మడతవిప్పుకోవు, వెనక్కి జారుతూ తెరుచుకుంటాయి. దీనివల్ల తెరుచుకోవడానికి ఖర్చయ్యే బలం తగ్గింది, కానీ నారి వదిలినప్పటి కుదుపు కూడా అటే తోస్తుంది కాబట్టి బిగింపు మీద భారం పెరిగింది. మొదట ఓ-రింగుతో వచ్చిన ఈ రకానికి తర్వాత విరిగే ప్లాస్టిక్ పట్టీ తొడిగారు. టెంపుల్ కొయ్య చీల చేసిన పనే ఇదీ చేస్తుంది. తక్కువ దూరంలోనే ఎక్కువ వేగం పుట్టించే క్రాస్‌బోల కోసం ఇంకా గట్టి పట్టీలు వచ్చాయి.

అంబులపొదిలోని నురుగు దిండులోంచి లాగేటప్పుడే బిగింపు సడలడం సాధారణంగా కనిపించే లోపం. అందుకే బాణం సంధించే ముందు అలుగులను వేలితో తడిమి చూడమంటారు.

చట్టాలు. ఐడహో, ఆరిగన్ రాష్ట్రాలు కదిలే అలుగులను చాలాకాలం నిషేధించాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల వేటకు ఇలాంటి ములికి వాడే సందర్భమే లేదు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్ విల్లే అయినా, ఆ పోటీల బాణాలకు ఉండేది అలుగుల్లేని నున్నటి మొన.