ఆరంభశూరుల లెక్కలు

కొన్నేళ్ల క్రిందట, సంక్రాంతికి పది రోజులుందనగా, నా పాత శిష్యుడొకడు బోగోలులోని మా యింటికి వచ్చాడు. ఒక చిన్న ఊళ్లో సినిమా హాలు లీజుకు తీసుకొని నడుపుతున్నాడు. పండుగకు విడుదలయ్యే ఒక పెద్ద సినిమాను మొదటి రోజు నుండే ఆడించుకోవడానికి డిస్ట్రిబ్యూటరుకు ఎంత అడ్వాన్సు కట్టవచ్చునో అతనికి తేలడం లేదు. ఫోనులో ఎవరెవరో వేసిన అంచనాలు చూపించి, "మొదటి మూడు రోజులకు నెల్లూరు ఏరియాలో ఇంత వస్తుందంటున్నారు మాస్టారూ, నమ్మవచ్చునా?" అని అడిగాడు. సంధి విషయంలో సందేహమైతే తీర్చగలను గాని యిది నా శాస్త్రం కాదన్నాను. అతడు నవ్వి వెళ్లిపోయాడు. అంచనానే నమ్మాడు. మూడో రోజు రెండో ఆటకు హాలు సగం ఖాళీ. ఆ లోటు పూడ్చడానికి తండ్రి ఇచ్చిన మాగాణిలో కొంత అమ్మవలసి వచ్చింది.

ఈ అంచనాల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలన్న కోరిక నాకు ఆనాటి నుండి కలిగింది. మనవారికి 'ఆరంభశూరులు' అన్న అపకీర్తి పాతదే. సినిమా వ్యాపారంలో మాత్రం ఇప్పుడది అపకీర్తి కాదు, కొలమానం.

ముందుగా 'నెల్లూరు ఏరియా' అన్న మాట చూద్దాం. తెలుగు సినిమా వ్యాపారానికి తనదైన భూగోళం ఒకటుంది: నైజాం, సీడెడ్, వైజాగ్, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 1800లో నిజాము కంపెనీవారికి అప్పగించిన సీమను ఆంగ్లేయులు 'సీడెడ్' అన్నారు. 1928లో నంద్యాల సభలో దానికి 'రాయలసీమ' అనే గౌరవనామం వచ్చింది. సినిమావారు మాత్రం కంపెనీ నాటి పేరునే పట్టుకొని ఉన్నారు. 1948లో నైజాం రాజ్యం పోయింది, 2022లో జిల్లాల సరిహద్దులు మారాయి. వ్యాపార పటంలో పేర్లు అవే. ఆ పటంలో అన్నిటికన్న చిన్నది మన నెల్లూరు. పెద్ద ఏరియాలో ఒకచోట పోయినది మరొకచోట రావచ్చు. చిన్న ఏరియాలో ఆ వెసులుబాటు తక్కువ.

ఇక లెక్కలో మూడు మాటలున్నాయి. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులో పన్ను తీసివేస్తే నెట్. హాలు అద్దె, ఖర్చులు కూడా పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేది షేర్. నిర్మాత ఏరియా హక్కులను ఔట్‌రేటుకు అమ్మవచ్చు, మినిమం గ్యారంటీ మీద ఇవ్వవచ్చు, కమీషను మీద ఆడించవచ్చు. ఏ పద్ధతిలోనైనా కొనేవాడి బ్రతుకు షేరు మీద ఆధారపడుతుంది. ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకె మాత్రం సాధారణంగా గ్రాస్. నా శిష్యుడు చూసినది గ్రాస్, కట్టినది షేరు లెక్కన కట్టవలసిన సొమ్ము. అర్థభేదం తెలియక ప్రయోగిస్తే పద్యం చెడుతుంది. ఇక్కడ పొలం పోయింది.

నా బాల్యంలో, అంటే 1960ల చివర, 70ల మొదట, మా ఊళ్లో ఈ జోస్యంతో పనే లేదు. అందుకు కారణం ఫిలిం ప్రింటు. ప్రింటు ఖరీదైనది, అందుచేత కొద్దిగానే తీసేవారు. కొత్త సినిమా మొదట నెల్లూరుకు, తరువాత కావలి, గూడూరు వంటి పట్టణాలకు, అక్కడ వేడి చల్లారాక మావంటి ఊళ్ల టూరింగ్ టాకీసులకు వచ్చేది. ఎ, బి, సి సెంటర్లన్న మాట ఆ వరుస నుండి పుట్టినదే. రీళ్ల పెట్టెలు ప్యాసింజరు బండిలో బిట్రగుంట స్టేషనులో దిగేవి. పెట్టె కన్న ముందే దాని మంచిచెడ్డలు దిగేవి, కావలిలో చూసి వచ్చినవారి నోట. కనుక డేరా యజమాని లెక్కపెట్టుకొన్నది సినిమాను కాదు, ఊరిని. బిట్రగుంట అప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడే రైల్వే ఊరు. అక్కడ జీతాలు ఎప్పుడు ఇస్తారు, వరికోతల కూలి చేతికందిందా, కొండబిట్రగుంట బ్రహ్మోత్సవాలు ఎన్నాళ్లున్నాయి, జువ్వలదిన్నె పడవలు ఏపాటి చేపతో తిరిగి వచ్చాయి, వాన పట్టేటట్లుందా – ఇవే అతని పంచాంగం. నేల ఎంత, బెంచీ ఎంత, కుర్చీ ఎంత అన్నది ప్రతి రాత్రి డి.సి.ఆర్. అనే దినసరి వసూళ్ల పట్టీలో చేరేది.

ఆ పద్ధతిలో సినిమాకు ఆలస్యంగా గెలిచే హక్కు ఉండేది. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన 'శంకరాభరణం' అందుకు తిరుగులేని నిదర్శనం. వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు కథానాయకుడు, ఆ పాత్రలో తెరకు కొత్తవాడైన జె.వి.సోమయాజులు. తొలి రోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. తరువాత ఒకరి నోట ఒకరు విని జనం కదిలారు. శతదినోత్సవాలు జరిగాయి, జాతీయ పురస్కారాలు వచ్చాయి, అందులోని పాటలకు మా నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం తొలి జాతీయ పురస్కారం అందుకొన్నారు. తొలి మూడు రోజుల వసూళ్లే తీర్పుగా ఉండి ఉంటే ఆ సినిమా నాలుగో రోజుకు మిగిలేదా?

తరువాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది పన్నుకు సంబంధించినది. దీనిని చాలామంది గుర్తించరు. పూర్వం వినోదపు పన్ను అమ్మిన ప్రతి టికెట్టు మీద ఉండేది. కనుక ఎన్ని టికెట్లు తెగాయన్నది సర్కారుకు కూడా కావలసిన లెక్క. 1984 జనవరి నుండి రాష్ట్రంలో హాలు నిండితే ఎంత వస్తుందో లెక్కగట్టి, అందులో ఇంత శాతమని పన్ను విధించారు. దానినే స్లాబు పద్ధతి అన్నారు. హాలు నిండినా, ఖాళీగా ఉన్నా పన్ను ఒకటే. థియేటర్లవారు సవాలు చేయగా 1993లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లుతుందని తీర్పు చెప్పింది. పన్ను ఎగవేతకు అది మంచి మందే కావచ్చు. కాని ఎందరు చూశారన్న లెక్కను పట్టుబట్టి అడిగే అధికారి అవసరం దానితో తగ్గిపోయింది. తరువాత పద్ధతులు మారాయి. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. రావడంతో పన్ను టికెట్టు ధర మీదనే నిలిచింది. అయినా సినిమావారీ వసూళ్లను ప్రజల ముందు పెట్టే అధికారిక పట్టిక మనకు లేదు. వినిపించే అంకె నిర్మాతది, లేదా అభిమానిది, లేదా వ్యాపారపు విశ్లేషకుడిది.

రెండవ మార్పు డిజిటల్ ప్రదర్శన. 2005 ప్రాంతంలో క్యూబ్, యు.ఎఫ్.ఒ. వంటివి వచ్చాక పెట్టె కోసం స్టేషనుకు వెళ్లే పని క్రమంగా తప్పింది. సినిమా హైదరాబాదుకు వచ్చిన పూటనే పల్లెకూ వచ్చింది. కావలి వార్త విని జాగ్రత్తపడే అవకాశం మాత్రం పోయింది. అందరికీ ఒకేసారి రావడంతో అందరూ ఒకేసారి పందెం కాయవలసి వచ్చింది. జోస్యం అవసరమైనది అప్పుడే.

అమెరికాలో ఈ దశ ముందే వచ్చింది. 1975లో 'జాస్' చిత్రాన్ని ఒకేసారి వందల థియేటర్లలో విడుదల చేసి తొలి వారాంతానికి కొత్త విలువ తెచ్చారు. 1978లో నేషనల్ రీసెర్చ్ గ్రూప్ అనే సంస్థ ఏర్పడి, విడుదలకు ముందే ప్రేక్షకులను విచారించి అంచనా కట్టే పనిని వృత్తిగా మార్చింది. 2010లో ఇద్దరు పరిశోధకులు 24 చిత్రాల మీద వచ్చిన సుమారు 29 లక్షల ట్వీట్లను లెక్కించి, మాటల జోరును బట్టి తొలి వసూళ్లను బాగా ఊహించవచ్చునని చూపారు. అదే యేడు సినిమా వసూళ్ల మీద ఫ్యూచర్స్ వ్యాపారానికి అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. హాలీవుడ్ నిర్మాణ సంస్థలు గట్టిగా అడ్డుపడ్డాయి. కొద్దికాలానికే శాసనసభ నిషేధించింది. అమెరికా చట్టం అంతకు ముందు 1958లో ఆ విధంగా నిషేధించిన సరుకు ఉల్లిపాయ. ఉల్లిగడ్డ, సినిమా ఆరంభం – రెండింటి జోస్యమూ కన్నీళ్లు పెట్టిస్తుందని వారికి తెలిసినట్లుంది.

మన దగ్గర నిషేధమూ లేదు, లెక్కా లేదు. పైగా జోస్యానికి ఆధారమైన టికెట్టు ధరే స్థిరంగా ఉండదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీలోని ఎ.సి. లేని హాల్లో కనీస ధర 5 రూపాయలు. 2022 మార్చిలో కొత్త జీవోతో అది 20 రూపాయలైంది. అంతే జనం, అంతే ఆదరణ. వసూలు మాత్రం నాలుగింతలు తేడా. పెద్ద సినిమాలకు తొలి రోజులలో ధర పెంచుకొనే ప్రత్యేక అనుమతులు వేరు. ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మాలని 2021లో చట్టం సవరించారు. 2022 జూలైలో హైకోర్టు దాని అమలును ఆపుతూ మధ్యంతర ఆదేశం ఇచ్చింది.

2024 డిసెంబరు 5న విడుదలైన 'పుష్ప 2' తొలి రోజు ప్రపంచమంతటా 294 కోట్ల గ్రాస్ సాధించిందని నిర్మాతలు ప్రకటించారు. ఆ అంకె పక్కన మరొకటి కూడా వ్రాయవలసి ఉంది. ముందురోజు రాత్రి హైదరాబాదులో ఆ చిత్రం ప్రీమియర్ ఆట దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. అందరికన్న ముందే చూడాలన్న ఆరాటాన్ని వ్యాపారం పెంచితే, ఆ ఖర్చు ఏ డి.సి.ఆర్.లోనూ కనబడదు.

2025 మే నెలలో తెలుగు రాష్ట్రాల థియేటర్లవారు అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో శాతం కావాలని, లేకుంటే జూన్ 1 నుండి హాళ్లు మూసివేస్తామని అన్నారు. తరువాత ఆ నిర్ణయం విరమించుకొన్నారు. ఆ వార్త వచ్చిన రోజుల్లోనే నా శిష్యుడు మళ్లీ కనిపించాడు. హాలు ఇంకా నడుపుతున్నాడు. చంకలో ఒక నోటుపుస్తకం ఉంది. ప్రతి సినిమాకూ ఒక్కటే పంక్తి వ్రాస్తున్నాడట: సోమవారం మ్యాట్నీకి ఎన్ని సీట్లు నిండాయి.

"శుక్రవారం వచ్చేవాళ్లు హీరో కోసం వస్తారు మాస్టారూ, సోమవారం వచ్చేవాళ్లే సినిమా కోసం వస్తారు" అన్నాడు.

పుస్తకం చేతికి తీసుకొని చూశాను. అంకెలు చాలా చిన్నవి, కాని అతడు స్వయంగా తలలు లెక్కపెట్టి వేసినవి. ఒకప్పటి డేరా యజమాని పంచాంగం మళ్లీ నా చేతికి వచ్చినట్లనిపించింది. ఆ పొలం మాత్రం తిరిగి రాలేదు.