కీబోర్డు ఎవరి చేతిలో ఉంది?

విజయవాడ, నల్గొండ వైపు నుంచి నగరంలోకి వచ్చే బస్సులు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి, కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరతాయి. 2018 సెప్టెంబరు నుంచి ఈ దారి పొడవునా తల మీద మెట్రో నడుస్తోంది. అంతకు చాలా ముందే, 1990ల చివర్లో, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. వెనక సందుల్లో లేడీస్ హాస్టళ్ళు. జిల్లాల నుంచి వచ్చిన ఎందరో ఆడపిల్లలు మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నది ఇక్కడే. ఫీజు కడితేనే పాఠం, గంటల లెక్కనే ప్రాక్టీసు.

అదే కాలంలో, ఫీజుతో పనిలేని మరో చదువు కూడా ప్రపంచంలో పెరుగుతూ వచ్చింది. గ్నూ/లినక్స్ వాడేవాళ్ళు ఒకరికొకరు చేసుకునే సాయం అది. ఆ సాయం చరిత్రలో స్త్రీలు ఎక్కడున్నారు?

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు ఆయన వాదన సాంకేతికమైనది కాదు, నైతికమైనది. నా దగ్గరున్న ప్రోగ్రామును పక్కవాళ్ళకు ఇవ్వొద్దని షరతు పెట్టడమంటే మనుషుల్ని ఒకరి నుంచి ఒకరిని విడగొట్టడమేనన్నాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నెల్ దీనికి తోడైంది. ఎవరైనా వాడుకోగల, విప్పి చూడగల, మార్చగల, పంచగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. 1993లో మొదలైన డెబియన్ పేరులో సగం ఒక స్త్రీది. ఇయాన్ మర్డాక్ తన పేరుకు అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరు కలిపాడు. స్త్రీ పేరు పెట్టుకోవడం ఎప్పుడూ తేలికే. మన నదుల్లో చాలావాటివి ఆడపేర్లే కదా!

దీన్ని ఇంట్లో సొంతంగా ఎక్కించుకున్న మామూలు మనిషికి చిక్కొస్తే ఫోన్ చేయడానికి ఏ కంపెనీ సర్వీసూ లేదు. మోడెమ్ పలకదు, సౌండు రాదు. తెలుగులో రాద్దామంటే వత్తులు అక్షరం కిందికి దిగకుండా పక్కన నిలబడేవి. చిక్కు విప్పుకున్నవాళ్ళు ఆ దారిని రాసి పెట్టేవారు, తర్వాతివాళ్ళు దాన్ని ఇంకా బాగుచేసేవారు. సీడీలు చేతులు మారేవి. అందరూ ఒకచోట చేరి, తెలియనివాళ్ళ సిస్టముల్లో లినక్స్ ఎక్కించే 'ఇన్‌స్టాల్ ఫెస్ట్'లు జరిగేవి. హైదరాబాదులో 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పూనుకుంది, ఇంజనీరింగ్ కాలేజీల్లో యూజర్ గ్రూపులు ఏర్పరిచింది.

తెలుగులోకి తేవడమంటే మాటలు వెతకడం. ఫైలు 'దస్త్రం' అయింది, ఎడిట్ 'సవరించు' అయింది. మరి యూజర్‌ని ఏమనాలి? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడిచే తెలుగు వికీపీడియాలో తొలి రోజుల్లో ఆ చోట 'సభ్యుడు' అన్న మాట ఉండేది. ఖాతా తెరిచిన స్త్రీ కూడా సభ్యుడే! ఆ తర్వాత 'వాడుకరి' వచ్చింది. అందులో ఆడా మగా లేదు. భాషతో పనిచేసే మనకు ఇది చిన్న మార్పుగా కనబడదు.

మాట మారినంత తేలిగ్గా మనుషుల లెక్క మారదు. 2006లో యూరోపియన్ యూనియన్ నిధులతో జరిగిన ఫ్లాస్‌పోల్స్ అధ్యయనంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహాల్లో స్త్రీలు దాదాపు 1.5 శాతమే. కంపెనీల సాఫ్ట్‌వేర్ రంగంలో 28 శాతం. అందరికీ తలుపులు తెరిచామన్నచోట ఇంత తక్కువమందా? ఉద్యోగమైతే జీతం ఉంటుంది, దాని పేరు చెప్పి గడప దాటొచ్చు. జీతం లేని పనికి కావాల్సింది తీరిక. ఆదివారం ఎవరికి సెలవు? రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు ఎవరు కూర్చోగలరు? హాస్టల్ గేటు పెందలాడే మూసేస్తే, ఇంట్లో ఉన్న ఒక్క సిస్టమూ అన్నయ్య గదిలో ఉంటే, ఆ స్వేచ్ఛ ఎవరిది?

ఈ ప్రశ్న వేసింది మనం మాత్రమే కాదు. 1999లో డెబ్ రిచర్డ్‌సన్ ప్రారంభించిన 'లినక్స్‌చిక్స్' పెట్టుకున్న నియమాలు రెండే: మర్యాదగా ఉండండి, సాయపడండి. 2004లో 'డెబియన్ విమెన్' వచ్చింది. 2006లో గ్నోమ్ ప్రాజెక్టుకు గూగుల్ వేసవి కార్యక్రమం కింద 181 దరఖాస్తులొస్తే అన్నీ మగవాళ్ళవే. స్త్రీల కోసమే విడిగా పిలుపు ఇచ్చేసరికి వందమంది దాకా ముందుకొచ్చారు, ఆరుగురిని తీసుకున్నారు. ఆ వందమంది ఒక్క రోజులో పుట్టుకొచ్చినవాళ్ళా? పిలుపు తమ కోసమేనని అప్పటిదాకా వాళ్ళకు అనిపించలేదు, అంతే.

వీటన్నిటిలోనూ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2002లో వాల్ హెన్సన్ రాసిన మార్గదర్శిని. లినక్స్‌లోకి స్త్రీలు రావాలంటే ఏం చేయాలో, ఏం చేయకూడదో అందులో చెప్పింది. ఒక సూచన: ఆమె చేతిలోంచి కీబోర్డు లాక్కోకండి. 'ఇలా ఇవ్వు, నేను చేసిపెడతాలే' అనేది మనందరం ఎరిగిన మాటే. అన్నయ్య అంటాడు, భర్త అంటాడు, ల్యాబులో సార్ అంటాడు. ఎంతో ప్రేమగానే అంటారు. సిస్టమ్ బాగవుతుంది, ఆమెకు మాత్రం ఏమీ తెలియకుండా పోతుంది. రేపు మళ్ళీ అదే చిక్కొస్తే మళ్ళీ అతని కోసమే ఎదురుచూడాలి. చేతులు కట్టుకుని పక్కన కూర్చుని, ఆమె తడుముకుంటుంటే ఓపిక పట్టడమే అసలు సాయం.

ఈ కథకు ఇంకో వైపు ఉంది. మగవాళ్ళు చేసిన సాయానికి ఇక్కడ పేరుంది, తేదీ ఉంది. ప్రోగ్రాములో ఏ మార్పు ఎవరు చేశారో నమోదవుతుంది. స్త్రీలు చేసే సాయం ఎక్కడ నమోదవుతుంది? స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు చేసింది వట్టి సాయం కాదనీ, అదే పోరాటమనీ వాళ్ళ నోటనే చెప్పించింది. కంప్యూటర్ చరిత్రకూ ఆ పద్ధతి కావాలి. మన కథలూ కవితలూ డీటీపీ సెంటర్లలో కొట్టిపెట్టిన స్త్రీలు, ఒక ఫాంటులో ఉన్న మేటరు ఇంకో చోట గజిబిజి అయితే కూర్చుని సరిచేసిన స్త్రీలు, హాస్టల్ గదిలో పక్క మంచం అమ్మాయికి కమాండ్లు నేర్పిన స్త్రీలు ఏ జాబితాలోనూ లేరు. వాళ్ళు మన మధ్యనే ఉన్నారు. వెళ్ళి అడగడమే మన పని.