పులికాటు దారిలో రుచుల చరిత్ర

మధ్యధరా తీరంలో మార్సేలు వంటి నగరాల వాళ్ళు సెలవురోజున చుట్టుపక్కల పల్లెలకు పోయి, ద్రాక్షసారా రుచి చూసి, చేపలకూర తిని సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. చెన్నపట్నంలో ఉన్న మనకు అలాంటి ప్రయాణం లేదా? ఉంది. ఉత్తరాన అరవై కిలోమీటర్ల లోపే పులికాటు ఉంది. అక్కడికి పోయినప్పుడల్లా నేను తిండితో బాటు చరిత్రనూ రుచి చూస్తుంటాను.

వెంకటపతిరాయల అనుమతితో డచ్చివారు 1610లో అక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు. దామెర్ల వెంకటాద్రి ఇంగ్లీషువారికి మదరాసు స్థలం ఇచ్చింది 1639లో. అప్పటికే ఆ కోటకు ఇరవైఆరేళ్ళు! ఇక్కడి అద్దకపు గుడ్డలు తూర్పుదీవులకు పోయేవి, అక్కడి జాజికాయ, లవంగం డచ్చివారి ఓడలెక్కేవి.

తర్వాత కాలువ వచ్చింది. 1806లో తవ్వకం మొదలైంది. 1877–78లో కరువు పనుల కింద పట్నంలో కూవం, అడయారు నదులను కలిపారు. బకింగ్‌హాం అనే పేరు అప్పుడు వచ్చిందే. తెలుగు తీరపు బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టె ఆ నీటిదారినే పట్నానికి చేరేవి. మన పెద్దల వంటింట్లో పొయ్యి వెలగడానికి ఆ పడవలూ ఒక కారణమే.

సరస్సులో ఏటినీరు, సముద్రపు నీరు కలుస్తాయి కనుకనే రొయ్యలు, పీతలు అంత రుచి. ఆ నీటిలో ఎక్కువ భాగం ఆంధ్రలో, తక్కువ భాగం తమిళనాట ఉంది. రొయ్యకు ఎల్ల తెలియదు. కల్లుకు మాత్రం తెలుసు. తెల్లవారుజామున దించిన తాటికల్లు తియ్యన, పొద్దెక్కేకొద్దీ పులుపు. ఆంధ్రలో గీత కార్మికుల సంఘాలు దాన్ని అనుమతితో అమ్ముకుంటాయి. తమిళనాట 1987 నుంచి అది నిషిద్ధం. అదే తమిళనాట 2003 నుంచి సీసా మద్యాన్ని సర్కారు దుకాణాలే అమ్ముతున్నాయి!

నేను కల్లును పొగడటం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మనకు తెలుసు. సంసారాలు కూలినందుకే ఆ పోరాటం. అయినా చెట్టెక్కే మనిషి బతుకుతెరువుకు ఒక గట్టున అనుమతి, మరో గట్టున శిక్ష ఎందుకన్నది ఆలోచించవలసిన మాటే.

1953లో రాష్ట్రం వేరయింది, మనం ఇక్కడ ఉండిపోయాం. కోటలూ శాసనాలూ చదివేవారున్నారు. మన ఇళ్ళలో చేపలకు, పులుసులకు, కుండలకు ఉన్న తెలుగు పేర్లను రాసిపెట్టేవారేరీ? పులికాటు పోయివచ్చిన రోజున ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. నాలుగు పేర్లు దొరికినా చాలు, అదీ చరిత్రే.