పేరయ్య పిలిచాక వచ్చిన దొర

హనుమంతునిపాడు, కనిగిరి సీమ క్రైస్తవం గురించి రాసేవాళ్లు తరచు జాన్ క్లౌ దొరతోనే మొదలుపెడతారు. 1867 జనవరిలో ఆయన ఒంగోలు నుంచి తాళ్లకొండపాడు వెళ్లాడు, డేరా వేసుకుని కొన్నాళ్లున్నాడు, 28 మందికి బాప్తిస్మమిచ్చాడు. అంతే వ్యవహారం అన్నట్టు రాస్తారు. మరి చుట్టుపక్కల మాదిగపల్లెల జనం తిండి మూటలు కట్టుకుని ఆ డేరా దగ్గరకు ఎందుకొచ్చారు? వాళ్లని కూడగట్టిందెవరు?

ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ. క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో గురువు, శిష్యులుండేవాళ్లు. ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తు మాట విని, తిరిగొచ్చి తన మనుషులకు తానే చెప్పాడు. భార్య నాగమ్మ తోడు నిలిచింది. దొర అడుగుపెట్టింది అప్పటికే దున్నిన చేలో అని మేమంటాం.

ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు: సంఘంలో చేరేవాళ్లకు ఇవీ నియమాలు. పైకి మతం మాటలే. కానీ మాదిగలు ఆదివారం మానితే ఆసామి పని ఆగుతుంది, జాతరలో డప్పు ఆగుతుంది. అందుకే పెత్తందార్లు, కరణాలు పగబట్టారు, అబద్ధపు నేరాలు మోపారు. రెండో నియమం మాత్రం మాకు మింగుడుపడదు. కరువు సీమలో అది ఆకలి తిండి. దాన్ని తప్పు చేసింది దొర చూపా, పేరయ్య యోగమా?

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఆ లెక్క కూడా క్లౌ ఖాతాలోనే పడింది. ఆ రోజు దొర ఏట్లో దిగలేదు. దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, వంతులవారీగా, ఇద్దరిద్దరు.