ఓటుకు నోచని వాక్యం

1955 డిసెంబరు 3. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో శాసనసభ కొలువైంది. స్పీకర్ కుర్చీలో కాశీనాథరావు వైద్య, ప్రభుత్వ బల్లల ముందు వరసలో ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, ఇంకొకరు మరాఠీలో మాట్లాడే సభ అది. చర్చంతా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై ఫజల్ అలీ కమిషన్ ఇచ్చిన నివేదిక మీద. ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ కలిసి సెప్టెంబరు 30న కేంద్రానికి ఇచ్చిన ఆ నివేదిక తెలంగాణ సంగతి దగ్గరికొచ్చేసరికి ఆచితూచి మాట్లాడింది. ఇక్కడి ప్రజాభిప్రాయం ఇంకా ఒక రూపానికి రాలేదంది. హైదరాబాదు రాష్ట్రాన్ని ప్రస్తుతానికి విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, కొత్త సభలో మూడింట రెండొంతుల మంది సరేనంటే అప్పుడు ఆంధ్రతో కలపమంది.

సభలో 174 మంది సభ్యులు. తమ అభిప్రాయం బయటపెట్టింది 147 మంది. విలీనం వైపు 103, వ్యతిరేకంగా 29, ఎటూ కాకుండా 15. తెలంగాణ సభ్యులు 94 మందినే లెక్కలోకి తీసుకుంటే విలీనానికి 59, వద్దని 25. ఈ అంకెల్ని అటువాళ్లూ ఇటువాళ్లూ దశాబ్దాలుగా ఒకరి మీద ఒకరు విసురుకుంటూనే ఉన్నారు. విసిరేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఇవి ఓట్లు కావు. ప్రసంగాల్లో ఎవరెటు మొగ్గారో చూసి వేసిన లెక్క ఇది. తీర్మానం మీద ఓటింగే జరగలేదు.

ఎందుకు జరగలేదంటే, మూడు మాటల దగ్గర ఆగిపోయింది కాబట్టి. ప్రత్యేక తెలంగాణ కోరేవాళ్లు తీర్మానంలో ‘ప్రజల అభీష్టం మేరకు’ అని చేర్చాల్సిందేనని పట్టుబట్టారు. చూడ్డానికి అందులో కాదనదగ్గది ఏమీ లేదు. కానీ ఆ మూడు మాటలూ ఉంటే ఎవరో ఒకరు జనం దగ్గరికి పోయి అడగాలి. లేకపోతే సభ మాటే జనం మాట. పేచీ అంతా అక్కడ.

ఇక్కణ్ణుంచి వరంగల్ మట్టెవాడ దాకా ఊహ తోడుగా వెళ్తాను. హోటలాయన, మిల్లు కార్మికుడు, కాలేజీ కుర్రాడు, అర్జీలు రాసే మున్షీ, నలుగురూ కల్పితమే. వాళ్ల మాటలూ నేను అల్లినవే. మట్టెవాడ, ఆజంజాహి మిల్లు, స్థానికుల ఉద్యోగాల కోసం మూడేళ్ల కిందట జరిగిన ముల్కీ గొడవ మాత్రం నిజం.

భోగేశ్వరాలయం ఉన్న ఆ పాత వాడలో పొద్దుగూకుతోంది. మిల్లు షిఫ్టు దిగింది. హోటలు ముందు బల్ల మీద పత్రిక పరిచి మున్షీ చదువుతున్నాడు. పోలీసు చర్య దాకా ఆయన అర్జీలన్నీ ఉర్దూలోనే. ఇప్పుడు తెలుగులో కూడా రాస్తున్నాడు, ఇంకా చెయ్యి తిరగలేదు.

“మున్షీ సాబ్, పట్నంల సభల గా లొల్లేంది?” అన్నాడు కార్మికుడు.

“ప్రజల అభీష్టం మేరకు అని రాయాల్నా వద్దా అని.”

“ప్రజలంటే మనమే గద. మనల్ని ఎవలన్న అడిగిండ్రా?”

“అడిగితే ఏం చెప్తవు బావా?” అని లోపల్నుంచి హోటలాయన. ఎర్రజెండా మనిషి, విశాలాంధ్ర అంటే ప్రాణం.

“ఏమని అడుగుతరో గది చెప్పు ముందుగాల.”

మున్షీకి ఉత్సాహం వచ్చింది. జేబులోంచి పెన్ను తీసి పత్రిక అంచు మీదే రాసి చదివాడు. “తెలుగువాళ్లందరూ ఒకే రాష్ట్రంగా కలిసి ఉండాలని మీరు కోరుతున్నారా?”

కుర్రాడు లేచి నిలబడ్డాడు. 1952లో ముల్కీ ఉద్యోగాల కోసం వరంగల్ వీధుల్లో విద్యార్థులు ఊరేగినప్పుడు వాడూ నడిచాడు. “గిట్లడిగితే కాదన్నోడు తెలుగోడే కానట్టాయె! నేను చెప్త, రాయి. మన నౌకర్లు, మన నీళ్లు, మన ఖజానా మన చేతులనే ఉండాల్నా?”

“ఉండొద్దనేటోడు ఎవడన్న ఉంటడా తమ్మీ?” హోటలాయన నవ్వాడు. “అది ప్రశ్న గాదు, గోడమీది పోస్టరు.”

మున్షీ రెండూ కొట్టేశాడు. చాలాసేపు ఆలోచించి, పక్షపాతం రాకూడదని ఒక్కో మాటా తూచి మూడోది రాశాడు. “కమిషన్ సిఫారసు ప్రకారం హైదరాబాదు రాష్ట్రం 1961 దాకా విడిగా ఉండి, ఆ తర్వాత కొత్త శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకున్న పక్షంలో ఆంధ్రతో కలవవలెనా, లేక ఇప్పుడే కలవవలెనా?”

ఇద్దరికీ తప్పు దొరకలేదు. కార్మికుడు తల గోక్కున్నాడు. “లేక అనేకాడికి ఒచ్చేసరికి ముందటి సగం యాదిమరిచిన సాబ్. కింద నాలుగు ముక్కలు రాయరాదు? కలిస్తే ఏమైతది, కలవకుంటే ఏమైతది, గంతే.”

“గా నాలుగు ముక్కలు మాత్రం నేను రాయ,” అన్నాడు మున్షీ పెన్ను మూస్తూ. “ఎట్ల రాసినా రేపటి సంది మీ ఇద్దట్ల ఒకడు నాతోని అర్జీ రాయించుకోడు.”

ఊహ ఇంతటితో ఆపుతాను. ఆ నలుగురిలో నాకు ముఖ్యుడు కార్మికుడు. మొదటి రెండు ప్రశ్నల్లోని మోసం చదువుకున్నవాళ్లు కనిపెట్టగలరు. అతను అడిగిన నాలుగు ముక్కల సారాంశం దగ్గరే అసలు చిక్కంతా. కలిస్తే ఏమవుతుందో రాయాలంటే ఉద్యోగాల గురించి, మిగులు నిధుల గురించి, కృష్ణా గోదావరి నీళ్ల గురించి రాయాలి. దేన్ని ముందు రాస్తే ఓటరు మనసు అటు ఒరుగుతుంది. ఏదీ రాయకపోతే ఓటరుకు తెలియదు.

మరి 1952లో ఓటేశారు కదా, అదే ప్రజాభీష్టం కాదా అనేవాళ్లున్నారు. ఆ ఎన్నికలో వరంగల్ పార్లమెంటు స్థానానికి పెండ్యాల రాఘవరావు కవి కాళోజీని ఓడించి గెలిచారు. పెండ్యాలను నిలబెట్టిన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) వెనక ఉన్నది కమ్యూనిస్టులు, వాళ్లది విశాలాంధ్ర నినాదం. అయితే ఆ ఏడు ఓటరు చూసింది దొరల భూములు, సాయుధ పోరాటంలో పోయిన ప్రాణాలు, జైళ్లలో ఉన్న నాయకులు. విలీనం గురించి ఓటరును ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఇచ్చినట్టు మూడేళ్ల తర్వాత సభలో లెక్కగట్టారు. ఇంతకూ ఆ రోజుల్లో కాళోజీ కూడా విశాలాంధ్రనే కోరారు, తెలంగాణ వాదిగా మారింది తర్వాత. ఆ పోటీని ఈ ప్రశ్నకు తీర్పుగా చూపడానికి అదొక అడ్డంకి.

హైదరాబాదులో ఇది నడుస్తుండగానే నవంబరు 25న కర్నూలులో ఆంధ్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. తెలంగాణ అభివృద్ధిని ప్రత్యేక బాధ్యతగా చూస్తామని, ఉద్యోగాల్లో, చదువుల్లో జనాభా ప్రకారం వాటా ఇస్తామని హామీ. నేను దాన్ని తీర్మానంగా కన్నా కరపత్రంగానే చదువుతాను. ఒక పక్షం రాసుకుంది, ఆ పక్షమే ఆమోదించుకుంది. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ‘ప్రజల అభీష్టం మేరకు’ అన్న మాటలు ఏ బ్యాలెట్ మీదికీ ఎక్కలేదు.

మన దేశంలో అడగడం కుదరదనుకుంటే పొరపాటు. పదకొండేళ్ల తర్వాత గోవాలో అడిగారు. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే ఉండాలా అని. దానికోసం పార్లమెంటు 1966 డిసెంబరులో చట్టమే చేసింది. నాకు బాగా నచ్చిన సంగతి, ఓటింగుకు ముందు అక్కడి ముఖ్యమంత్రి బందోడ్కర్ ప్రభుత్వం రాజీనామా చేసి పక్కకు జరగడం. ఆయన పార్టీ విలీనం కోరే పార్టీ. అధికారంలో ఉంటూ ఓటింగు జరిపితే ఎవరు నమ్ముతారు? 1967 జనవరి 16న ఓటర్ల ముందు రెండు గుర్తులు పెట్టారు. కలవాలంటే పువ్వు, వద్దంటే రెండాకులు. రెండాకులకు 1,72,191, పువ్వుకు 1,38,170. 34,021 ఓట్ల తేడాతో గోవా గోవాగానే మిగిలింది. మట్టెవాడ కార్మికుడు కోరిన తేలికతనం ఆ రెండు గుర్తుల్లో ఉంది. లోపమూ ఉంది. పూర్తి రాష్ట్ర హోదా కావాలనేవాడికి గుర్తు లేదు. ఆ హోదా 1987లో గానీ రాలేదు. ప్రశ్న రాసేవాడు ఏ జవాబుల్ని వదిలేస్తాడో అదీ పక్షపాతమే.

రాసే పని రాజకీయ నాయకుడి చేతికిస్తే ఏమవుతుందో ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో ఇళ్లు కొనుక్కున్న మన పిల్లల్ని అడగండి. కాలిఫోర్నియాలో ప్రజలు నేరుగా ఓటేసే ప్రతిపాదనలకు శీర్షిక, వంద మాటలు మించని సారాంశం రాసేది అటార్నీ జనరల్. ఆయన పార్టీ తరఫున ఎన్నికైన మనిషి. 2018లో పెట్రోలు పన్ను పెంపును రద్దు చేయాలని సంతకాలు సేకరించి ఆరో నంబరు ప్రతిపాదన తెచ్చారు. బ్యాలెట్ మీద శీర్షిక రోడ్ల మరమ్మతు నిధులు తీసేయడం గురించి మొదలైంది. పన్ను తగ్గుతుందంటే ఒకలా, రోడ్లకు డబ్బు పోతుందంటే ఇంకోలా వినపడుతుంది, రెండూ నిజాలే అయినా. ప్రతిపాదన ఓడిపోయింది. శీర్షిక వల్లే ఓడిందని నేననను, తెచ్చినవాళ్లు మాత్రం శీర్షిక మీద గట్టిగానే గొడవపడ్డారు.

బ్రిటన్ పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది. ప్రశ్న ప్రభుత్వం రాసినా ఎన్నికల కమిషన్ దాన్ని మామూలు ఓటర్ల ముందు పెట్టి పరీక్షిస్తుంది. స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద అక్కడి ప్రభుత్వం మొదట రాసిన ప్రశ్న ‘...అని మీరు అంగీకరిస్తారా?’ అన్న ధోరణిలో ఉంది. అలా అడిగితే జనం ఔననడం వైపు మొగ్గుతారని కమిషన్ 2013లో అభ్యంతరం చెప్పింది. ఆ మాట తీసేశారు. ఆ ప్రభుత్వమే స్వాతంత్ర్యం కోరే పార్టీది, అయినా ఒప్పుకుంది.

మళ్లీ మన సభకు వద్దాం. 2013 డిసెంబరు 12న రాష్ట్రపతి విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. మొదట జనవరి 23 దాకా గడువు, తర్వాత ఇంకో వారం. తొమ్మిది వేలకు పైగా సవరణలు వచ్చిపడ్డాయి. జనవరి నెలాఖరున ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ఒక అభ్యంతరం లేవనెత్తారు. బిల్లుతో పాటు ఉద్దేశాలు, కారణాల వివరణ లేదు, ఆర్థిక పత్రం లేదు, దేని మీద అభిప్రాయం చెప్పమంటారు అని. పంపింది ముసాయిదా మాత్రమే, దానికి అవి అక్కర్లేదని కేంద్ర హోంశాఖ జవాబు. ఆయన ఎత్తుగడ ఏమైనా, అడిగింది మాత్రం మట్టెవాడ కార్మికుడు అడిగిన నాలుగు ముక్కలే. తెలంగాణ రావడం న్యాయమని నమ్మేవాణ్ణే నేను. అయినా ఆ కాగితం లేకుండా పంపడం తప్పే.

తర్వాత ముఖ్యమంత్రి చేసిందీ అంతకన్నా మెరుగ్గా లేదు. బిల్లును తిరస్కరించాలన్న తీర్మానంలోనే కారణం లేకుండా, ఏకాభిప్రాయం లేకుండా రాష్ట్రాన్ని చీలుస్తున్నారన్న వాదన కూడా కూర్చారు. వాదన మింగితే గానీ ఓటు వేయలేని వాక్యం అది. జనవరి 30న స్పీకర్ నాదెండ్ల మనోహర్ మూజువాణి ఓటుతో అది నెగ్గిందని ప్రకటించారు. తలలు లెక్కపెట్టలేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ కూడా మూజువాణితోనే బిల్లును ఆమోదించింది.

అసెంబ్లీ అభిప్రాయం పార్లమెంటును కట్టిపడేయదని బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. అంచేత ఎవరు ఎలా రాస్తే ఏమిటని ఊరుకోవడం తేలిక. నేను ఊరుకోను. మూడో అధికరణం కింద రేపు ఇంకో రాష్ట్రం వంతు వస్తే, రాష్ట్రపతి పంపే కాగితంతో పాటు ఒక్క పేజీ సారాంశం కూడా వెళ్లాలి. దాన్ని హోంశాఖ రాయకూడదు, ముఖ్యమంత్రి కార్యాలయమూ రాయకూడదు. ఎన్నికల సంఘం దగ్గర చిన్న విభాగం ఉండి ముసాయిదా రాయాలి. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా అభ్యంతరాలు చెప్పాలి, హైకోర్టు పది రోజుల్లో వాటిని తేల్చాలి. ఆపైన ఆ పేజీని షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు చదివి వినిపించి, ‘లేక’ దగ్గర ఎంతమంది తప్పిపోతున్నారో చూసి, మళ్లీ రాయాలి.